ఐదు రన్లు, నాలుగు కాలమ్‌లు, ఇద్దరు విజేతలు

వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు దక్కింది. వాటికి పుట్టిల్లు కొత్తవాడ. అక్కడి ఓ దుకాణం సరుకు జాబితాను కంప్యూటర్లోకి ఎక్కించి, సైజు కాలమ్ మీద సార్ట్ కొట్టారనుకుందాం. 4×6, 6×9, 10×12 రావాలి. తీరా చూస్తే 10×12 అన్నిటికంటే పైకెక్కి కూర్చుంటుంది. సైజును అంకెగా కాక అక్షరాలుగా చదివితే 4 కంటే 1 ముందు మరి! ప్రోగ్రాముల వేగం కొలిచే బెంచ్‌మార్క్ టూల్స్‌లోనూ 64, 128, 1024 పేర్లున్న పరీక్షలు ఇలాగే తలకిందులవుతుంటాయి.

ఇది కంటికి కనబడే తప్పు, దిద్దుకోవచ్చు. కనబడనిది వేరే ఉంది.

ఆ జాబితాలో సరుకు వెతకడానికి రెండు ప్రోగ్రాములు రాసి, చెరో 5 సార్లు నడిపామనుకోండి. మొదటిది తీసుకున్న మిల్లీసెకన్లు 40, 41, 41, 42, 96. రెండోది 45, 45, 46, 46, 48. సగటు మీద సార్ట్ చేస్తే 46తో రెండోది పైన, 52తో మొదటిది కింద. మధ్యగతం చూస్తే 41, 46, మొదటిదే గెలిచింది. కనిష్ఠంలోనూ అదే. గరిష్ఠానికొస్తే 96, 48, మళ్లీ రెండోది. గొడవంతా ఆ 96తోనే. ఆ క్షణాన ప్రాసెసర్‌ను ఇంకేదో పని లాక్కుని ఉండొచ్చు.

టూల్స్ కూడా ఒక్క మాట మీద లేవు. పైటెస్ట్-బెంచ్‌మార్క్ మనం చెప్పకపోతే కనిష్ఠం మీద సార్ట్ చేస్తుంది. హైపర్‌ఫైన్ మామూలుగా కనీసం 10 సార్లు నడిపి, సగటును బట్టి పోలుస్తుంది. స్పెక్ సీపీయూ 2017లో 3 సార్లు నడిపితే మధ్యగతం, 2 సార్లే నడిపితే నెమ్మదైనది లెక్కలోకి వస్తుంది.

కనిష్ఠాన్ని తీసిపారేయలేం. బయటి అడ్డంకులు సమయాన్ని పెంచుతాయే గానీ తగ్గించవు. కోడ్ సత్తా తేల్చాలంటే అదే నయం. కౌంటర్ దగ్గర నిలబడ్డ కొనుగోలుదారుకు మాత్రం ఆ 96 కూడా నిజమే. రోజూ పోల్చి చూసే పట్టికకైతే నా ఓటు మధ్యగతానికి. వరుస మాత్రం పరీక్షలు రాసిన క్రమంలోనే ఉండాలి. వేగాన్ని బట్టి రోజూ వరుసలు మారుతుంటే నిన్నటి పట్టికతో సరిచూడటం నరకం.

పట్టికను ఎవరికైనా పంపేముందు ఏ కాలమ్ మీద సార్ట్ చేశారో, ఎన్నిసార్లు నడిపారో పైన ఒక్క లైను రాయండి.