మొలాసిస్ ట్యాంకులు, గ్యాసు గొట్టములు: రైతులు తెలిసికొనవలసిన నిబంధనలు

చెఱకు నాటి, నీరు పెట్టి, నఱికి, బండ్ల కెత్తి పంపిన పిమ్మట రైతు దృష్టి తూకపు చీటీమీదను ధరమీదను నిలుచును. గానుగ దాటిన రసము ఏ గొట్టములలో పాఱుచున్నదో, ఏ ట్యాంకులో నిలువయున్నదో విచారించుట తన పని కాదని యాతడు తలచును. ఇది సహజమే. కాని ఇట్టి ట్యాంకులు మన పొలముల సరిహద్దుననే నిలిచియుండును. ఇట్టి గొట్టములు కొన్నియెడల మన పొలముల క్రిందనే పోవుచుండును. అవి పగిలినచో ముందుగా నష్టపడువారము మనమే. ఇంజనీర్ల నిబంధనలను సభ్యుల కర్థమగు మాటలలో వివరించుట యవసరమని తలచి ఈ వ్యాసమును ప్రకటించుచున్నాము.

చల్లపల్లి ప్రాంతపు సభ్యులకు ఇది దూరపు విషయము కాదు. లక్ష్మీపురమున చల్లపల్లి షుగర్సు పేర వెలసి, తరువాత కె.సి.పి. వారి యాజమాన్యములోనికి వచ్చిన చక్కెర కర్మాగారమును గాని, ఉయ్యూరు కర్మాగారమును గాని ఎఱుగని చెఱకు రైతు ఈ చుట్టుప్రక్కల నుండడు. రసమును కాచి పంచదార పలుకులు తీసిన తరువాత మిగులు నల్లని చిక్కని మడ్డినే మొలాసిస్ అందురు. ఆల్కహాలు తయారు చేయుటకు ఇది ముడిసరుకు. చెఱకు ఆడు కాలము కొద్దినెలలే యగుటచే మడ్డిని ఏటి పొడవునను పెద్ద ఇనుప ట్యాంకులలో నిలువచేయుదురు.

ట్యాంకు ఎట్లు పగులునో తెలియుటకు మన ధాన్యపు పురిని తలచుకొన్న చాలును. గడ్డితాళ్లతో చుట్టిన పురిలో ధాన్యము నిండినకొలది అడుగుభాగము బయటకు ఉబ్బును. తెగునప్పుడు తెగునది అడుగు చుట్లే. పైచుట్లు తెగినట్లు ఎవరును చూచియుండరు. ఇనుప ట్యాంకును అట్టిదే. అందు తాళ్లకు బదులు రేకులు, ముడులకు బదులు వెల్డింగు అతుకులు. లోపలి ద్రవము ఎంత ఎత్తున నున్నదో అడుగు రేకుమీద అంత ఒత్తిడి. ట్యాంకు ఎంత వెడల్పో రేకునకు అంత లాగుడు.

లెక్క చూడుడు. 10 మీటర్ల వ్యాసమును 8 మీటర్ల ఎత్తును గల ట్యాంకు నిండ నీరు పోసినచో, అడుగున ఒక మీటరు ఎత్తుగల రేకు చుట్టును తెంపజూచు లాగుడు సుమారు 40 టన్నులు. మొలాసిస్ నీటికన్న దాదాపు 1.4 రెట్లు బరువు. కావున అదే ట్యాంకులో మడ్డి నింపిన లాగుడు 56 టన్నులగును. రేకు 6 మిల్లీమీటర్ల మందమైనచో చదరపు మిల్లీమీటరునకు 9 కిలోల పైచిలుకు పడును. త్రుప్పు తిని 4 మిల్లీమీటర్లకు దిగినచో అదియే 14 కిలోలగును. బయట రంగు వేసి నిగనిగలాడుచుండగా లోపల మూడవవంతు రేకు పోయియుండవచ్చును. చూచువారికి ఏమియు తెలియదు.

ఈ లెక్కను నిర్లక్ష్యము చేసిన ఫలితము అమెరికాలోని బోస్టను నగరమున 1919 జనవరి 15వ తేదీన లోకమునకు తెలిసినది. అచ్చట రేవు దగ్గర 50 అడుగుల ఎత్తును 90 అడుగుల వ్యాసమును గల మొలాసిస్ ట్యాంకు ఉండెను. అందు 23 లక్షల గ్యాలనులు, అనగా 87 లక్షల లీటర్లు, మడ్డి పట్టినది. ఆ మధ్యాహ్నము అది పగిలెను. మడ్డి కెరటము ఇండ్లను పునాదులనుండి కదల్చినది. గుఱ్ఱములు చిక్కుకొని చచ్చినవి. 21 మంది మరణించిరి. సుమారు 150 మంది గాయపడిరి. చిక్కని పాకము మెల్లగ జాఱునని మనము తలతుము గాని, అంత ఎత్తునుండి ఒక్కుమ్మడి విడిపడినప్పుడు దానినుండి పరుగెత్తి తప్పించుకొనుట సాధ్యముకాలేదు.

విచారణలో వెల్లడియైన సంగతులు మిక్కిలి గమనింపదగినవి. 1915 చివర, సరుకు ఓడ వచ్చు దినము సమీపించుటచే, ట్యాంకును తొందరతో ముగించిరి. నిండ నీరు పోసి పరీక్షింపవలసియుండగా అడుగున ఆరంగుళములు మాత్రమే పోసి చాలించిరి. నిర్మాణమును చూచుటకు నియమింపబడినవాడు లెక్కలు వ్రాయు ఉద్యోగియేగాని ఇంజనీరు కాడు, పటమునైనను చదువనేరడు. రేకులు ఉండవలసిన మందములో లేవు. రివెట్ల అతుకులనుండి మడ్డి కాఱుచుండగా ఇరుగుపొరుగు పిల్లలు గిన్నెలు తెచ్చి పట్టుకొనిపోవువారు. కంపెనీవారు అతుకులు సరిచేయుటకు మారుగా, కాఱుట కనబడకుండ ట్యాంకునకు మడ్డిరంగు పూయించిరి! అరాచకవాదులు బాంబు పెట్టిరని న్యాయస్థానమున వాదించిరి గాని అది నిలువలేదు. 1925లో తీర్పు కంపెనీకి ప్రతికూలముగా వచ్చినది. అటుపై ఆ రాష్ట్రమున కట్టడముల పటములు, లెక్కలు అర్హుడగు ఇంజనీరు ముద్రతో దాఖలు చేయవలెనను పద్ధతి బలపడినది.

నిబంధనలన్నియు ఇట్లే పుట్టినవి. మన దేశమున 1863లో కలకత్తాలో బాయిలరు పేలి పలువురు చనిపోగా, మరుసటి ఏట బెంగాలులో బాయిలర్ల తనిఖీకి చట్టము చేసిరి. తరువాత 1923లో దేశమంతటికిని బాయిలర్ల చట్టము వచ్చెను. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. బాయిలరుతో పాటు అధిక పీడనముగల ఆవిరి గొట్టములును ఈ చట్టము క్రిందికే వచ్చును.

మొలాసిస్ ట్యాంకులకు మన దేశమున ప్రత్యేక ప్రమాణమే కలదు. దాని సంఖ్య ఐ.ఎస్. 5521. నూనె ట్యాంకులకు ఐ.ఎస్. 803. రేకు మందమును లోపల నుండబోవు ద్రవపు బరువునుబట్టి కట్టవలెను; నీటికి సరిపోవునని మడ్డికి సరిపెట్టరాదు. నీటి పరీక్ష అతుకుల కాఱుడును, పునాది క్రుంగుటను బయటపెట్టునేగాని, పైన చెప్పిన 56 టన్నుల లాగుడును 40 టన్నులతో పరీక్షించినట్లే యగును. కావుననే పటమునందలి లెక్క ముఖ్యము. త్రుప్పునకు కొంత మందమును అదనముగా విడుచుటయు కలదు. అతుకుల విషయములో ఒక చమత్కారమున్నది. ఎక్స్‌రే తీసి లోపలి బోలు, చీలిక లేవని చూచిన అతుకునకు ఎక్కువ బలమును, చూడని దానికి తక్కువ బలమును లెక్కలో ఒప్పుకొందురు. అనగా పరీక్ష మానుకొనువాడు దళసరి రేకు కొనవలసియుండును.

వెల్డరు విషయమును చెప్పవలసియున్నది. మన ఊరి వెల్డరు ట్రాక్టరు ట్రక్కును, గొఱ్ఱును, పంపుసెట్టు చట్రమును చక్కగ అతుకును; ఆతని పనితనమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని పీడనము భరించు గొట్టమునకు అతుకు వేయువాడు మొదట నమూనా ముక్క అతికి చూపవలెను; దానిని వంచియు, లాగియు, ఎక్స్‌రే తీసియు పరీక్షింతురు. ఏ రకపు ఉక్కునకు, ఏ మందమునకు, ఏ భంగిమలో అతుకుటకు ఆతనికి యోగ్యత కలదో పత్రమున వ్రాసియుండును. క్రింద చూచి అతుకువాడు తలపై అతుకునకు తగడు. ఈ పత్రము లేక కర్మాగారమున తొందరపని చేయించుట పలుచోట్ల వాడుకయైనది. దీనిని మేము ఏమాత్రము హర్షింపము.

ఇంకొక యపాయము అతుకులలో కాదు, ఖాళీ ట్యాంకులో నున్నది. మెట్ట గ్రామములలో ధాన్యపు పాతర తెఱచినవెంటనే దిగరాదని పెద్దలు చెప్పుదురు. మొలాసిస్ ట్యాంకు అంతకన్న చెడ్డది. అడుగున మిగిలిన మడ్డిలో వాననీరు కలిసినచో అది పులియును. పులిసి బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆ గాలి బరువైనదగుటచే అడుగుననే నిలుచును. దిగినవాడు రెండు మూడు గ్రుక్కలలో స్పృహ తప్పును. వానిని తీయబోయినవాడును అట్లే పడును. పాతరలోవలె దీపము దింపి చూతమా యన్న, పులిసిన మడ్డిలో ఆల్కహాలు ఆవిరి యుండవచ్చును గనుక అదియు తగదు. గాలిని కొలుచు పరికరముతో చూచి, గాలి ఆడించి, నడుమునకు త్రాడు కట్టి, పైన మనిషిని నిలిపి దిగవలెను. డీజిలు పీపాల నతికించుకొను సభ్యులు కూడ జ్ఞాపకముంచుకొనుడు: ఖాళీ పీపా నిండు పీపాకన్న ప్రమాదము. లోపలి ఆవిరి పోకముందే వెల్డింగు నిప్పు తగిలినచో అది పేలును.

ట్యాంకు చుట్టును గట్టు ఉండవలెను. గట్టు మాట మనకు క్రొత్త గాదు; ఎంత నీరు ఆపవలెనో అంత గట్టు. 2018 మే నెలలో పంజాబులోని బియాస్ నదిలో ఒక చక్కెర కర్మాగారమునుండి పొంగిపొరలిన మొలాసిస్ కలిసి చేపలు రాశులుగా చచ్చినవి. మడ్డి విషము కాదు. కాని నీటిలోని ప్రాణవాయువును హరించును. డెల్టా గ్రామములలో మంచినీటి చెరువులను కాలువ నీటితోనే నింపుకొందుము. కాలువ గట్టున గట్టులేని మొలాసిస్ ట్యాంకు ఉండుట ఎట్టిదో సభ్యులే యోచింతురుగాక.

ట్యాంకు గట్టిగ నున్నంతమాత్రమున చాలదు. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్టణపు ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు వారి స్టైరీను ట్యాంకునుండి ఆవిరి వెడలి 12 మంది మరణించిరి. ఆ ట్యాంకునకు ఉష్ణమానము అడుగుననే యుండెను. మధ్యను పైనను లేదు. పైభాగమున ద్రవము కాగుచున్నను అడుగున కొలత చల్లగనే చూపెను.

ఇక మన పొలముల క్రింది గొట్టముల మాట. 2014 జూన్ 27వ తేదీ ఉదయము, కోనసీమలోని నగరము గ్రామమున, తాటిపాకనుండి కొండపల్లికి సహజవాయువు తెచ్చు 18 అంగుళముల గెయిలు గొట్టము పగిలి మంటలు లేచెను. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. కొబ్బరితోటలు, ఇండ్లు మాడిపోయినవి. పొడివాయువునకై వేసిన గొట్టములో తేమవాయువు పంపుటచే లోపల త్రుప్పు పట్టినదని విచారణలో తేలినది. వాసన వచ్చుచున్నదని గ్రామస్థులు ముందుగనే చెప్పిరని పత్రికలు వ్రాసినవి. మొదట గొట్టమునకు వేసిన లెక్క యొకటి. తరువాత దానిలో పంపిన సరుకు మఱియొకటి.

గొట్టముల నిబంధనలలో ప్రపంచమంతట పేరుపొందినవి అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘమువారి బి 31 నిబంధనలు. ఇవి 1935లో మొదట వెలువడినవి. గ్యాసు గొట్టములకు సంబంధించిన భాగములో మనకు మిక్కిలి పనికివచ్చు సూత్రమొకటి కలదు. గొట్టపు ఉక్కు సాగిపోవు హద్దులో ఎంతవఱకు ఒత్తిడి పెట్టవచ్చుననునది చుట్టునుండు ఇండ్లనుబట్టి నిర్ణయింతురు. జనము లేని పొలములలో ఆ హద్దులో నూటికి 72 వంతులు; ఇండ్లు పెరిగినకొలది 60, 50; మిక్కిలి జనసమ్మర్దమగు చోట 40. పొలమును ఇండ్లస్థలములుగా మార్చునప్పుడు, ఆ గొట్టము ఏ తరగతికి వేసినదో విచారింపక అమ్ముటయు కొనుటయు ఎంత సాహసమో దీనివలన తెలియగలదు.

చట్టము 1962 నాటిది. పెట్రోలియము, ఖనిజ గొట్టముల చట్టము క్రింద ప్రభుత్వము భూమిని తీసికొనదు. గొట్టము వేసికొను హక్కు మాత్రమే తీసికొనును. పట్టా రైతుదే. పైరు వేసికొనవచ్చును. కాని ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, చెరువుగాని బావిగాని త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. దీనికి పరిహారముగా, భూమి విలువలో నూటికి 10 వంతులును, పని జరుగునప్పుడు పాడైన పైరు, చెట్ల నష్టమును రైతునకు ఇయ్యవలెను. ఇల్లు ఉన్న స్థలము క్రిందను, నేలమట్టమునుండి ఒక మీటరుకన్న తక్కువ లోతునను గొట్టము వేయరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. చేపల చెరువులు త్రవ్వు సభ్యులు ఈ మాటను ప్రత్యేకముగ గుర్తింపవలెను. యంత్రముతో మట్టి తీయునప్పుడు గొట్టమునకు దెబ్బ తగిలి పైపూత లేచినను అచ్చటనే త్రుప్పు మొదలగును.

మహాసభలలో సభ్యులు ధరను గూర్చి అడుగుచుందురు. ఇకమీదట ట్యాంకులను గూర్చియు అడుగుడని మా మనవి. సంఘములు పెట్రోలు బంకు నడుపుచున్నను, పాల శీతలకేంద్రమున గొట్టములున్నను, చెఱకు సభ్యులు కర్మాగారమువారితో మాటలాడునప్పుడును ఈ ప్రశ్నలు చెల్లును: రేకుల మందము కడపట ఏ యేట కొలిచిరి? అడుగు రేకు కొలిచిరా? అతుకు వేసిన వెల్డరు పత్రమేది? గొట్టములోని సరుకు మొదటి లెక్కలోని సరుకేనా? సమాధానము కాగితముమీద తీసికొనుడు.

పొలములో గొట్టము పోవు త్రోవను తెలుపు రాళ్లపై ఫోను సంఖ్య వ్రాసియుండును. ఆ సంఖ్యను పాలేరులకును, ట్రాక్టరు డ్రైవర్లకును తెలియజేయుడు. పొడవుగొట్టములలోని వాయువునకు వాసన ఉండకపోవచ్చును. కావున బుసబుసమను చప్పుడును, కాలువ నీటిలో బుడగలును, నీరు తక్కువ కాకున్నను ఒకేచోట పైరు పసుపుబాఱుటయును గుర్తులుగా నెంచవలెను. అట్టిది కనబడినప్పుడు మోటారు మీట నొక్కక, బీడీ వెలిగింపక, గాలికి ఎదురుగా నడచి దూరముగ పోయి, అచ్చటినుండి ఫోను చేయవలెను.