పెట్టుబడి ఫలము: విశ్లేషకుని విద్య

జమాఖర్చులు కూడుట గుమాస్తా పని. ఆ అంకెలనుండి రేపటి బాటను సూచించుట ఆర్థిక విశ్లేషకుని పని. ఈ విద్యకు పునాది వేసినవారిలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ ఒకరు. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో ఆయన పెట్టుబడి ఫలమును రెండు ప్రశ్నలుగా విడదీసెను: అమ్మకములో లాభమెంత? పెట్టుబడి ఏడాదిలో ఎన్నిమార్లు తిరిగెను? 1921లో జనరల్ మోటార్సునకు వెళ్ళి, అచ్చటను ఈ పద్ధతినే నెలకొల్పెను.

ఉదాహరణకు, లక్ష రూపాయల మదుపుతో ఒక నగల దుకాణము ఏటా 50 వేల అమ్మకముపై 10 వేలు ఆర్జించినదనుకొందము. అంతే మదుపుతో కిరాణా దుకాణము 5 లక్షల అమ్మకముపై 10 వేలే ఆర్జించినది. అమ్మకముపై మొదటిదానికి నూటికి 20 లాభము. రెండవదానికి 2 మాత్రమే. అది చూచి కిరాణాను మూసివేయుమని తొందరపడిన విశ్లేషకుడు అందలి పనివారి నోటికాడి కూడు తీసినవాడగును. ఏలయన, పెట్టుబడిపై ఫలము రెంటికిని నూటికి పదియే. కిరాణా సొమ్ము ఏడాదికి ఐదుమార్లు తిరిగినది. నగల సొమ్ము సగమే తిరిగినది. కిరాణాలో ధర పెంచినచో ఆ తిరుగుడే మందగించవచ్చును. సరుకు నిలువ తగ్గించి, అరువులు త్వరగా రాబట్టుట మేలు.

కనుక ఈ వృత్తి చేపట్టు యువతీయువకులు మూడు అభ్యాసములు అలవరచుకొనవలెను. అంచనాతోపాటు దాని ఆధారములను వ్రాసియుంచవలెను. నెల ముగియగనే వాస్తవముతో పోల్చి, తేడా ధరవలన వచ్చినదా, పరిమాణమువలన వచ్చినదా యని విడదీయవలెను. ఆ తేడాను లెక్కలెరుగని అధికారికి సైతము తేటమాటలలో తెలుపగలుగవలెను.