ఈదాడా, దాటాడా?

గో, వెంట్, గాన్. కమ్, కేమ్, కమ్. ఈ వరస నోటికి రాకుండా కాలేజీ మెట్లు ఎక్కిన తెలుగు విద్యార్థి ఉండడు. హైస్కూలులో మాస్టారు బెత్తం పట్టుకుని ఒప్పజెప్పించుకున్న వరస అది. అయితే ఇన్నేళ్ళుగా కాంపోజిషన్ నోటుబుక్కులు దిద్దుతూ నేను గమనించిందేమిటంటే, మనవాళ్ళ తడబాటు 'వెంట్' దగ్గర కాదు, 'వెంట్' వెనుక వచ్చే చిన్నమాట దగ్గర. టు, ఇంటు, అక్రాస్, ఎట్, విత్, ఆఫ్ - ఇవీ ఆ చిన్నమాటలు. ప్రిపోజిషన్లంటే మన విభక్తులే గదా, వెనుక ఉన్నదాన్ని ముందుకు జరిపితే సరి అని చాలామంది నమ్మకం. 'కి' అంటే టు, 'లో' అంటే ఇన్, 'తో' అంటే విత్. ఈ లెక్క కొంతదూరం నడుస్తుంది. ఆ తరువాత నడవదు. ఎందుకు నడవదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక చిన్న వాక్యం తీసుకుందాం. "వాడు ఈదుకుంటూ ఏరు దాటాడు." దీన్ని ఇంగ్లీషులో వ్రాయమంటే క్లాసులో సగం మంది "హి క్రాస్డ్ ది రివర్ బై స్విమ్మింగ్" అని వ్రాస్తారు. వ్యాకరణరీత్యా తప్పు పట్టలేం. కాని ఇంగ్లీషువాడు మామూలుగా అలా అనడు. "హి స్వామ్ అక్రాస్ ది రివర్" అంటాడు. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మన వాక్యంలో అసలు క్రియ 'దాటాడు'. ఎలా దాటాడన్నది 'ఈదుకుంటూ' అనే అసమాపక క్రియకు అప్పగించాం. ఇంగ్లీషులో సరిగ్గా తలకిందులు. ఈదడం ప్రధాన క్రియ అయి కూర్చుంది. దాటడం అంతా 'అక్రాస్' అనే చిన్నమాట నెత్తిన పడింది. మన సమాపక క్రియ చేసే చాకిరీని అక్కడ ప్రిపోజిషన్ చేస్తోందన్నమాట. 'అక్రాస్' తీసేసి 'ఇన్' పెట్టారనుకోండి, మనిషి ఏట్లోనే ఉండిపోతాడు. ఆవలి గట్టు చేరాడో లేదో ఎవరికీ తెలియదు. అందుకే 'స్వామ్ అక్రాస్' అన్నప్పుడు 'ఇన్ టెన్ మినిట్స్' అంటారు, పది నిమిషాల్లో దాటాడని. 'స్వామ్ ఇన్ ది రివర్' అన్నప్పుడు 'ఫర్ టెన్ మినిట్స్', పది నిమిషాలపాటు ఈదాడని. పని పూర్తయిందో లేదో చెప్పేది పాస్ట్ టెన్స్ ఒక్కటే కాదు, దాని వెనుక మాట కూడా.

భాషలలో ఉన్న ఈ తేడాను లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషావేత్త 1985లో ఒక దీర్ఘ వ్యాసంలో విడమరచి చూపించాడు. దారిని క్రియలోనే ఇమిడ్చే భాషలు కొన్ని, క్రియ పక్కనున్న మాటలో పెట్టే భాషలు కొన్ని అన్నాడు. స్పానిష్ మొదటి జాతి, ఇంగ్లీషు రెండవ జాతి. మన తెలుగు చాలావరకు స్పానిష్ పక్షాన నిలుస్తుందని నాకు అనిపిస్తుంది. దాటు, ఎక్కు, దిగు, దూరు, చేరు - మనకు దారిని చెప్పే క్రియలకు కరువేముంది?

'ఎక్కు' సంగతే చూడండి. మనం బస్సు ఎక్కుతాం, కారు ఎక్కుతాం, చెట్టు ఎక్కుతాం. ఇంగ్లీషులో 'గాట్' అనే ఊరూ పేరూ లేని క్రియను పట్టుకుని, బస్సయితే 'గాట్ ఆన్', కారయితే 'గాట్ ఇంటు' అనాలి. దిగేటప్పుడు బస్సులోంచి 'గాట్ ఆఫ్', కారులోంచి 'గాట్ అవుట్ ఆఫ్'. లేచి నిలబడి అటూ ఇటూ తిరగడానికి చోటున్న బస్సు, రైలు, విమానం వంటివాటికి ఆన్. వంగి దూరి కూర్చోవలసిన కారు, ఆటోలకు ఇన్. సైకిలుకు, గుర్రానికి కూడా ఆనే, వాటి లోపల ఎటూ కూర్చోలేం గనుక! అందరూ ఫుట్‌బోర్డు మీదే వేలాడే మన సిటీబస్సుకు 'ఆన్' అన్నది అక్షరాలా నిజం.

ఈ పద్ధతి నడకకు, ఈతకు మాత్రమే పరిమితం కాదు. కొడుకు సైకిలు కోసం తండ్రిని మాటలతో ఒప్పించాడు: "హి టాక్డ్ హిజ్ ఫాదర్ ఇంటు బయింగ్ ఎ సైకిల్." ఒప్పించడం ఎక్కడుంది? 'ఇంటు'లో. తల్లి వచ్చి ఆ ఆలోచన మాన్పించింది: "షి టాక్డ్ హిమ్ అవుట్ ఆఫ్ ఇట్." మాన్పించడం 'అవుట్ ఆఫ్'లో. కాలేజీ డే నాడు నాటకం బాగులేక కుర్రవాళ్ళు నవ్వి నవ్వి నటుణ్ణి స్టేజి దింపేశారు: "దే లాఫ్డ్ హిమ్ ఆఫ్ ది స్టేజ్." నవ్వు అనే క్రియ మనిషిని స్టేజి దింపడం మన భాషలో ఊహించగలమా?

నవ్వు మాట వచ్చింది కనుక ఇక్కడ కాస్త ఆగాలి. "ఆమె నన్ను చూసి నవ్వింది" అంటే మనకు అది చిరునవ్వూ కావచ్చు, వెక్కిరింతా కావచ్చు. 'లాఫ్డ్ ఎట్ మీ' అని వ్రాశారో, ఎగతాళి కిందే లెక్క. సంతోషించవలసినదైతే 'స్మైల్డ్ ఎట్ మీ'. ఈ 'ఎట్' గురిచూసి కొట్టే మాట. బంతి పట్టుకొమ్మని విసిరితే 'త్రూ ది బాల్ టు హిమ్', నెత్తి పగలాలని విసిరితే 'త్రూ ది బాల్ ఎట్ హిమ్'. 'షౌటెడ్ టు' అంటే దూరాన ఉన్నవాడికి వినబడేలా కేకవేయడం, 'షౌటెడ్ ఎట్' అంటే కసరడం. హాస్టలు మీద ఫిర్యాదులో 'షౌటెడ్ టు మీ' అని వ్రాస్తే, చదివిన వార్డెన్ గారికి అందులో తప్పేముందో అర్థంకాదు. మన 'నా మీద అరిచాడు'ను 'షౌటెడ్ ఆన్ మీ' చేసినా అది ఇంగ్లీషు కాదు.

'విత్' ఇంకా చిత్రమైనది. పాత ఇంగ్లీషులో దానికి 'ఎదురుగా, వ్యతిరేకంగా' అని అర్థం. ఎదిరించి నిలవడాన్ని 'విత్‌స్టాండ్' అనడంలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. అందుకే 'ఫాట్ విత్' అంటే శత్రువుతో పోరాడాడా, మిత్రుడితో కలిసి పోరాడాడా తెలియదు. మన 'తో' కూడా ఆ తాను ముక్కే. రాముడు రావణుడితో యుద్ధం చేశాడు, వానరసేనతోనూ యుద్ధం చేశాడు! రెండోచోట 'కలిసి' చేర్చి మనం బయటపడతాం. ఇంగ్లీషులో 'ఎగైనెస్ట్' అనో, 'అలాంగ్‌సైడ్' అనో తేల్చి చెప్పాలి.

అక్కరలేనిచోట ప్రిపోజిషన్ తగిలించడం మరో జబ్బు. 'డిస్కస్డ్ అబౌట్', 'రీచ్డ్ టు', 'ఎంటర్డ్ ఇంటు ది రూమ్'. 'దాన్ని గురించి చర్చించారు' అనే మన వాక్యమే 'అబౌట్'గా వెళ్ళి అక్కడ కూర్చుంటోంది. ఎంటర్, అసెండ్, డిసెండ్ లాంటివి లాటిన్ వంశం నుంచి వచ్చినవి. మన 'దూరు, ఎక్కు, దిగు' లాగానే దారిని కడుపులో పెట్టుకున్న క్రియలు. గదిలోకి వెళ్ళడానికి 'ఎంటర్డ్ ది రూమ్' చాలు. ఒప్పందం కుదుర్చుకుంటే మాత్రం 'ఎంటర్డ్ ఇంటు ఎన్ అగ్రిమెంట్' అనాల్సిందే. మాట్లాడేటప్పుడు ఎవరైనా 'డిస్కస్డ్ అబౌట్' అంటే నేను పట్టించుకోను, దేశమంతా అంటున్నారు. పరీక్షపేపరు దిద్దేవారు మాత్రం మార్కు కోస్తారు.

మార్కు పోతే పోనీండి, మనిషి మీదికి వచ్చేవి కూడా ఉన్నాయి. "ది కానిస్టేబుల్ హిట్ ది బాయ్ విత్ ది స్టిక్." కర్ర ఎవరి చేతిలో ఉంది? కానిస్టేబుల్ కర్రతో కొట్టాడా, కర్ర పట్టుకున్న కుర్రాణ్ణి కొట్టాడా? ఇంగ్లీషు వాక్యం రెంటికీ తలవూపుతుంది. 'విత్ ది స్టిక్' అనేది క్రియకు అంటుకుందో, బాయ్‌కి అంటుకుందో చూపే గుర్తు అందులో లేదు. తెలుగులో ఈ బెడద లేదు. 'కర్రతో కుర్రాణ్ణి కొట్టాడు' వేరు, 'కర్ర ఉన్న కుర్రాణ్ణి కొట్టాడు' వేరు. అంటే తెలుగులో సాక్షి స్పష్టంగా చెప్పిన మాట ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కేసరికి రెండు నాలుకలదవుతుంది. కుర్రాడి చేతిలో కర్ర ఉందంటే కానిస్టేబుల్ ఆత్మరక్షణకు కొట్టాడనవచ్చు. లేదంటే కథ వేరు. మీలో లా చదవబోయేవాళ్ళు, పత్రికలకు వెళ్ళబోయేవాళ్ళు ఇలాంటి చోట ఆ వాక్యాన్ని విరిచి వ్రాయండి: "ది కానిస్టేబుల్ యూజ్డ్ ఎ స్టిక్ టు హిట్ ది బాయ్", లేదా "ది కానిస్టేబుల్ హిట్ ది బాయ్, హూ వాజ్ హోల్డింగ్ ఎ స్టిక్." నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే.