ఒకసారి దిగిన ఆటను మళ్లీ దింపుకోకుండా

కోనసీమలో సఖినేటిపల్లి మండలానికి చెందిన మోరి, ఫైబర్ తీగల ద్వారా ఇంటింటికీ ఇంటర్నెట్ అందించాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం 2016 డిసెంబరు చివర అడుగుపెట్టిన తొలి గ్రామాల్లో ఒకటి; కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో ఆచార్యుడైన సాలొమన్ డార్విన్ తలపెట్టిన స్మార్ట్ గ్రామ ప్రయోగానికీ అదే ఊరు వేదిక అయింది. మరుసటి ఏడాది డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల ప్యాకేజీకి ప్రకటించిన వేగం సెకనుకు 15 మెగాబిట్లు. పాఠాలు వినడానికీ, సినిమా చూడటానికీ ఆ వేగం చాలు. కంప్యూటర్ ఆటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. 2019లో కంప్యూటర్లకు విడుదలైన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే ఆటకు డిస్కుపై 150 గిగాబైట్ల చోటు కావాలి. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, 15 మెగాబిట్ల వేగం ఒక్క క్షణం కూడా తగ్గకుండా అందినా, అంత సరుకు దిగడానికి 22 గంటలకు పైగా పడుతుంది. అదే సరుకు ఇంట్లో ఉన్న ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు సెకనుకు 100 మెగాబైట్ల మామూలు వేగంతో వెళ్లడానికి అరగంట చాలు.

ఈ భారం ఎప్పుడూ ఇంత లేదు. 2003లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ వైస్ సిటీ 915 మెగాబైట్ల చోటుతో సరిపెట్టుకుంది. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3 అడిగేది 150 గిగాబైట్లు. తెరపై కనిపించే ప్రతి గోడకూ, చెట్టుకూ, ముఖానికీ అతికించే బొమ్మలను టెక్స్‌చర్లు అంటారు. తెరల స్పష్టత పెరిగినకొద్దీ ఆ బొమ్మల పరిమాణమూ, పాత్రల సంభాషణలు పెరిగినకొద్దీ శబ్దాల ఫైళ్లూ పెరుగుతూ వచ్చాయి. మరోవైపు, విద్యార్థులు కొనే ల్యాప్‌టాప్‌లలో తరచుగా ఉండేది 512 గిగాబైట్ల డ్రైవ్ ఒక్కటే. తయారీదారులు వెయ్యిని ప్రమాణంగా, విండోస్ 1,024ను ప్రమాణంగా లెక్కించడం వల్ల అది 476గా కనిపిస్తుంది. అందులోంచి విండోస్‌కూ, చదువుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌కూ పోగా మిగిలిన చోటు రెండు మూడు పెద్ద ఆటలతో నిండిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒక ఆటను తీసేసి మరొకటి ఎక్కించడం, నెల తిరిగాక తీసేసినదాన్నే మళ్లీ మొదటి నుంచి దింపుకోవడం. నెలవారీ డేటాకు పరిమితి ఉన్న ఇంట్లో ఇంతకంటే నష్టదాయకమైన అలవాటు లేదు.

నెట్ ఎల్లప్పుడూ అందుబాటులో ఉంటుందన్న నమ్మకంపైనే ఆ అలవాటు ఆధారపడి ఉంది. కొత్తగా ఏర్పడిన జిల్లా పేరు మార్పు విషయమై 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగిన తర్వాత, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను పలు రోజులపాటు నిలిపివేయగా, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకూ, పొరుగు ప్రాంతాలకూ వెళ్లవలసి వచ్చింది. ఉద్యోగాలే అలా ఇబ్బంది పడిన రోజుల్లో ఆటల ప్రస్తావన చిన్నదే అయినా, డిస్కుపై ఉన్నది మాత్రమే చేతిలో ఉన్నట్టు అన్న సంగతి ఆటలకూ, పాఠాలకూ, ఫొటోలకూ సమానంగా వర్తిస్తుంది. ఆటలను కొని దింపుకునే స్టీమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌లైన్ మోడ్ అనే సదుపాయం ఉంది. ముందే లాగిన్ అయి, పూర్తిగా దింపి, ఒకసారి తెరిచి చూసిన, ఒంటరిగా ఆడే ఆటలు చాలావరకు ఆ మోడ్‌లో నెట్ లేకుండానే నడుస్తాయి. అలాంటి ఆటలన్నిటికీ చోటు కల్పించగలిగేది రెండో డ్రైవ్.

ఆటలను ఆ డ్రైవ్‌కు మార్చే పనిలో అసలు చిక్కు ఫైళ్లను మోయడంలో లేదు. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి సరుకును ఒక కొట్టు నుంచి మరో కొట్టుకు తరలించి, ఆ సంగతి చిట్టాలో రాయించకపోతే, గుమాస్తా పాత కొట్టు తెరిచి చూసి సరుకు లేదనుకుని మళ్లీ కొనమంటాడు. ఆటలను కొని, దింపి, తెరిచే లాంచర్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేసేదీ అలాగే. ఆట ఫోల్డర్‌ను సి డ్రైవ్ నుంచి కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేసినవారికి మర్నాడు ఇన్‌స్టాల్ అనే బటన్ మళ్లీ కనిపించడానికి కారణం ఇదే: సరుకు భద్రంగానే ఉంది, చిట్టాలో చిరునామా మారలేదు.

వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించిన స్టీమ్‌లో ఈ చిట్టా కంటికి కనిపిస్తుంది. స్టీమ్‌యాప్స్ అనే ఫోల్డర్ తెరిస్తే, లోపల కామన్ అనే ఉపఫోల్డర్‌లో ఆటల అసలు ఫైళ్లు ఉంటాయి. దాని పక్కనే ఒక్కో ఆటకు ఒక్కో చిన్న ఫైలు, యాప్‌మానిఫెస్ట్ అన్న మాటకు ఆట సంఖ్య జోడించిన పేరుతో, ఏసీఎఫ్ అనే తోకతో కనిపిస్తుంది. జీటీఏ 5 సంఖ్య 271590. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆట పేరు, ఫోల్డర్ పేరు, డిస్కుపై ఆక్రమించిన పరిమాణం వరుసగా చదవవచ్చు. కొన్ని కిలోబైట్లకు మించని ఈ ఫైలు తోడు లేకపోతే వంద గిగాబైట్ల ఫోల్డర్ స్టీమ్ దృష్టిలో ఖాళీతో సమానం. అందువల్ల చేతితో మోయడం కంటే ఆ పనిని స్టీమ్‌కే అప్పగించడం మేలు. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పేజీలో కొత్త డ్రైవ్‌ను చేర్చి, పాత డ్రైవ్‌లోని ఆటలను టిక్ చేసి, మూవ్ నొక్కితే, స్టీమ్ ఫైళ్లను తరలించి చిట్టాను కూడా సరిచేస్తుంది. తరువాత ఆట ప్రాపర్టీస్‌లో వెరిఫై అనే ఆదేశం ఇస్తే, ప్రతి ఫైలునూ సరిపోల్చి, పాడైన ముక్కలను మాత్రమే మళ్లీ దింపుతుంది.

ఎపిక్ అనే మరో లాంచర్‌లో చాలాకాలం ఇటువంటి సదుపాయం లేకపోవడంతో ఆటగాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మొదట ఆట ఫోల్డర్‌ను వేరేచోట కాపీ చేసి పెట్టి, లాంచర్‌లో ఆటను తొలగించి, కొత్త డ్రైవ్‌పై మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఒకటి రెండు శాతం దిగగానే ఆపి, దాచిన ఫైళ్లను ఆ కొత్త ఫోల్డర్‌లో పోసి, పనిని కొనసాగించమంటే, లాంచర్ ఉన్నవాటిని గుర్తించి మిగిలినవి మాత్రమే తెచ్చుకుంటుంది. ఎక్స్‌బాక్స్ యాప్ ద్వారా వచ్చిన ఆటలను చేతితో ముట్టుకోకపోవడమే మంచిది. వాటి ఫోల్డర్లకు విండోస్ ప్రత్యేకమైన అనుమతులు పెడుతుంది కాబట్టి యాప్‌లోంచే మార్చాలి.

ఏ డ్రైవ్ కొనాలన్నది ఏ ఆటలు దాచాలన్నదాన్ని బట్టి ఉంటుంది. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్కు చవక, పాత ఆటలకు అది చాలు; తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ ఖరీదు ఎక్కువ, కాని బాల్డర్స్ గేట్ 3, సైబర్‌పంక్ 2077 వంటివి తమ కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీని పేర్కొంటున్నాయి. ఆటలన్నిటినీ హార్డ్ డిస్కుపై దాచి, ప్రస్తుతం ఆడుతున్న ఒకటి రెండింటిని మాత్రం లోపలి ఎస్ఎస్‌డీకి తెచ్చుకోవడం మధ్యతరగతి ఇంటికి తగిన పద్ధతి. బయటి డ్రైవ్‌ను తగిలించే యూఎస్‌బీ రంధ్రాన్ని కూడా గమనించాలి: లోపలి నాలుక చాలా కంప్యూటర్లలో నీలంగా ఉండే 3.0 రంధ్రంలో అరగంటలో ముగిసే పని, పాత 2.0 రంధ్రంలో గంట దాటిపోతుంది. డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. పాత ఫ్యాట్32 పద్ధతి 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును కూడా ఒప్పుకోదు. చవగ్గా అమ్మే 16 టెరాబైట్ల బయటి డ్రైవ్‌ల జోలికి అసలు పోకూడదు. వాటి లోపల ఉండేది చిన్న మెమరీ చిప్; అది నిండిన తర్వాత వచ్చే ఫైళ్లు పాతవాటిపైనే పడి రెంటినీ చెడగొడతాయి, కంప్యూటర్ మాత్రం కాపీ పూర్తయిందనే చెబుతుంది.

గాలివానకు కొబ్బరి మట్ట తీగలపై పడినా కరెంటు పోయే ప్రాంతంలో, బదిలీ మధ్యలో కరెంటు పోవడం గురించి ముందే ఆలోచించాలి. ఒకే డ్రైవ్‌లో ఫోల్డర్‌ను జరిపితే విండోస్ చిరునామా మాత్రమే మారుస్తుంది కాబట్టి క్షణంలో అయిపోతుంది. రెండు డ్రైవ్‌ల మధ్య జరిపేటప్పుడు నిజంగా ప్రతి ఫైలునూ కాపీ చేసి, తర్వాత పాతదాన్ని చెరిపేస్తుంది. ఆ మధ్యలో ఆగిపోతే సగం ఇక్కడా సగం అక్కడా మిగులుతాయి. చేతితో చేసేవారు కట్ కాకుండా కాపీ వాడి, కొత్తచోట ఆట తెరిచి చూసుకున్న తర్వాతే పాతదాన్ని తొలగించాలి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా, సొంత అడాప్టర్‌తో నడిచే పెద్ద బయటి డిస్కు కరెంటుతో పాటే ఆగిపోతుందని మరవరాదు; యూఎస్‌బీ తీగ నుంచే శక్తి తీసుకునే చిన్న డిస్కుకు ఆ బెడద లేదు. ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీకి మారే రెప్పపాటులో ఫ్యాను ఆగినట్టు కూడా తెలియకపోవచ్చు, డెస్క్‌టాప్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకు ఉండే యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఆ వ్యవధిని తగ్గించడానికే.

ఫైళ్లూ చిట్టా మారాక మిగిలేది ఆటగాడి సొంత శ్రమ, అంటే సేవ్ ఫైళ్లు. ఎన్నో సాయంత్రాలు ఆడి చేరుకున్న స్థాయి ఆట ఫోల్డర్‌లో కాకుండా చాలాసార్లు సి డ్రైవ్‌లోనే, డాక్యుమెంట్స్‌లోనో, యాప్‌డేటా అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లోనో ఉంటుంది. ఆటను డ్రైవ్ మార్చినంత మాత్రాన వాటికి ఏమీ కాదు. వైరస్ పట్టిందని దుకాణంలో సిస్టమ్‌కు ఫార్మాట్ కొట్టించినప్పుడు మాత్రం అవే పోతాయి. కొన్ని ఆటల సేవ్‌లను స్టీమ్ తన క్లౌడ్‌లో దాస్తుంది, అన్నిటివీ కాదు. అందుకని ఆ ఫోల్డర్లను కూడా కొత్త డ్రైవ్‌లోకి అప్పుడప్పుడు కాపీ చేసుకోవాలి. ఆటలు వేరే డ్రైవ్‌లో ఉన్నవారికి ఫార్మాట్ తర్వాత మిగిలే పని చాలా తక్కువ: స్టీమ్‌ను మళ్లీ ఎక్కించి, స్టోరేజ్ పేజీలో ఆ డ్రైవ్‌ను చూపిస్తే, ఏసీఎఫ్ ఫైళ్లు చదివి ఆటలన్నీ తిరిగి జాబితాలోకి వస్తాయి.

హైదరాబాదులో వేగమైన కనెక్షన్ ఉన్న గదిలో ఆటలు దింపుకుని, రాత్రి బస్సులో అమలాపురానికో రాజోలుకో డ్రైవ్‌ను తెచ్చుకునేవారికి ఈ పద్ధతి అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఒక టెరాబైట్ సరుకు 15 మెగాబిట్ల వేగంతో దిగడానికి ఆరు రోజులకు పైగా పడుతుంది; బస్సు తెల్లారేసరికి చేరుతుంది. పళ్లెం తిరిగే డిస్కును నడుస్తుండగా కదపకూడదు, సేఫ్లీ రిమూవ్ చేశాకే తీగ పీకాలి. ఒకే రూటర్‌కు కలిసిన రెండు కంప్యూటర్లుంటే, 2023లో స్టీమ్ తెచ్చిన స్థానిక నెట్‌వర్క్ బదిలీ ద్వారా బయటి నెట్ ఖర్చు లేకుండానే ఒకదాని నుంచి మరొకదానికి ఆటను పంపుకోవచ్చు. ఎలా తెచ్చుకున్నా ఫైళ్లతో పాటు ఆడే హక్కు రాదు. ఆ ఆట తెరిచే ఖాతాకు దాని హక్కు ఉండాలి. అది ఉంటే ఇక నెట్ నుంచి దిగవలసింది, డ్రైవ్ బస్సెక్కిన తర్వాత విడుదలైన అప్‌డేట్ ఒక్కటే.