పాత రైఫిలుకు గురి కుదిరేదెలా?
తూటా కొలతలోనే ఉంది కిటుకు

నర్సంపేట: మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు పాకాల చుట్టుపక్కల చేలల్లో మంచెలు లేస్తాయి. రాత్రంతా డబ్బాలు మోగుతాయి. కాస్త కన్ను మూతపడితే చాలు, అడవి పందుల మంద పడి నాలుగు నెలల కష్టాన్ని తెల్లారేసరికి తొక్కి పోతుంది. అటవీ శాఖ అనుమతితో తుపాకీ పట్టిన మనిషి వచ్చినా రైతుకు ధీమా చిక్కదు. తాతల నాటి రైఫిలు ఒకసారి కొట్టిన చోట మరోసారి కొట్టదు. గుండు పూర్తిగా తప్పితే పంది పారిపోతుంది. సగం తగిలితే మాత్రం పొదలో నక్కి, పొద్దున్నే చేలోకి వచ్చిన మనిషి మీద తిరగబడుతుంది.

తుపాకీ ముసలిదైందని సరిపెట్టుకోవడం పరిపాటి. అయితే చాలా సందర్భాల్లో లోపం గొట్టంలో ఉండదు. ఆ గొట్టానికీ, అందులో వేసే తూటాకూ పొత్తు కుదరకపోవడమే అసలు కారణం.

షికారు కాలం

వేట తుపాకీ ఈ జిల్లాకు కొత్త కాదు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దొర నెక్కొండ దగ్గర పులి షికారు చేశాడు. చచ్చిన పులి పక్కన దొర, దొరసాని నిలబడగా లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటో నేటికీ ప్రసిద్ధమే. అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా పేరుమోసిన వేటగాడే. దొరల చేతుల్లో విలాయతీ రైఫిళ్లుంటే, పల్లెల్లో ఉన్నది మూతి నుంచి మందు దట్టించే భర్మారు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతికి మొదట చిక్కినవీ ఆ భర్మార్లే.

పాకాల, ఏటూరునాగారం అడవులు 1950లలోనే అభయారణ్యాలయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేటకు పూర్తిగా తెరపడింది. పంటను నాశనం చేసే జంతువును కొట్టాలన్నా అదే చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి.

ఇళ్లలో మిగిలిన లైసెన్సు రైఫిళ్లలో తరచుగా కనిపించేది .315 బోరు. దీనికీ ఒక కథ ఉంది. సైన్యం వాడే .303 తూటాలు బయటి చేతుల్లో పడకూడదని బ్రిటిషు ప్రభుత్వం ఆ బోరును పౌరులకు నిషేధించింది. దాంతో వేటగాళ్ల కోసం .315 చలామణిలోకి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం వీటిని తయారు చేసింది. దీని గుండు బరువు సుమారు 16 గ్రాములు. దగ్గరి వేటకు గట్టి దెబ్బే.

తూటాలో ఏముంది?

తూటాలో నాలుగు వస్తువులుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే టోపీ, లోపల మందు, మూతిలో గుండు. కర్మాగారం ఈ తూటాను ఆ బోరు రైఫిళ్లన్నింటికీ సరిపోయేలా చేస్తుంది. అంగట్లో కొన్న చొక్కా లాంటిదన్నమాట. అందరికీ పడుతుంది, ఏ ఒక్కరికీ అచ్చంగా కుదరదు. అరవై, డెబ్భై ఏళ్లు వాడిన రైఫిలు గొట్టం అరిగి, కొలత మారి ఉంటుంది. దానికి దర్జీ కుట్టిన చొక్కా కావాలి.

చట్టం అనుమతించే అమెరికా వంటి దేశాల్లో పాత రైఫిళ్ల యజమానులు తూటాలను ఇంట్లోనే చేత్తో కట్టుకుంటారు. దీన్నే హ్యాండ్ లోడింగ్ అంటారు. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు, గురి కోసం మరికొందరు ఆ పని చేస్తారు.

మొదట గొట్టాన్ని కొలుస్తారు. మెత్తని సీసపు ముక్కను ఒక చివర నుంచి మరో చివరకు కడ్డీతో తోస్తే లోపలి గాడుల అచ్చు దాని మీద పడుతుంది. దాన్ని మైక్రోమీటరుతో కొలిచి, సరిపోయే గుండును ఎంచుకుంటారు. గుండు సన్నమైతే గాడులు దాన్ని గట్టిగా పట్టవు. గాడుల పట్టు లేని గుండు సరిగా తిరగదు, తిరగని గుండు తిన్నగా పోదు. లావైతే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

రెండోది ఇత్తడి. తూటా పేలినప్పుడు ఇత్తడి గొట్టం ఉబ్బి, ఆ రైఫిలులో తూటా కూర్చునే గది ఆకారాన్నే తెచ్చుకుంటుంది. మళ్లీ వాడేటప్పుడు మెడ మాత్రం బిగించి, మిగతా ఒళ్లు అలాగే ఉంచుతారు. రెండోసారి అది ఆ గదిలో వదులు లేకుండా కూర్చుంటుంది. అయితే ఆ ఇత్తడి ఇక ఆ ఒక్క రైఫిలుకే పనికొస్తుంది.

మూడోది మందు. దీన్ని గ్రెయిన్లలో తూస్తారు. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కాంటా తేడా వస్తే రైతు డబ్బు పోతుంది. ఇక్కడ కాంటా తేడా వస్తే గుండు వేగం మారి, ఒకటి పైన, ఒకటి కింద తగులుతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

నాలుగోది గుండును ఇత్తడిలో ఎంత లోతుకు దించాలన్నది. పాత గొట్టంలో గాడులు మొదలయ్యే చోటు వేడికి అరిగి ముందుకు జరిగి ఉంటుంది. ఆ దూరాన్ని బట్టి లోతు సరిచూస్తారు.

ఒకసారికి ఒక్కటే మార్పు చేయడం ఈ పనిలో ముఖ్య సూత్రం. అయిదేసి గుండ్లు ఒకే గుర్తు మీద కాల్చి, అవి ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచి పుస్తకంలో రాసుకుంటారు. మందూ, గుండూ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు. ఎరువూ, విత్తనమూ ఒకే కారులో మార్చిన రైతుకూ ఇదే చిక్కు.

ఇక్కడ కడితే జైలే

మన దేశంలో ఇది ఇంట్లో చేసే పని కాదు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు అందుకు చాలదు. 2019 సవరణ తర్వాత దొంగచాటు తయారీకి ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష ఉంది.

చట్టం సంగతి అలా ఉంచినా ప్రాణాపాయం చిన్నది కాదు. పాత నల్లమందు తుపాకీలో పొగ రాని మందు పోస్తే గొట్టం పగిలి చేతులు, కళ్లు పోతాయి. ఒకే తూటాలో రెండుసార్లు మందు పడినా ఫలితం అదే.

లైసెన్సుదారు చేయగలిగింది

తూటా కట్టకపోయినా అందులోని సూత్రం మనకూ పనికొస్తుంది. అన్నీ ఒకేలా ఉంటే గురి నిలుస్తుందన్నదే ఆ సూత్రం. దుకాణంలో తూటాలు కొనేటప్పుడు ఒకే తయారీ, ఒకే లాటు అడిగి తీసుకోవాలి. పాత పెట్టెలో మిగిలినవీ కొత్తవీ కలపరాదు. చెమ్మ తగలని చోట ఉంచాలి. చిలుము పట్టినవి, పగుళ్లున్నవి వాడకూడదు.

కొయ్యకూ గొట్టానికీ మధ్య మరలు వదులైతే ఎంత మంచి తూటా అయినా చెదురుతుంది. వానాకాలంలో కొయ్య ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెట్టడమూ ఉంది. గొట్టం మూతి అంచు మీద చిన్న నొక్కు పడినా గుండు పక్కకు పోతుంది. కాల్చిన రోజే గొట్టం శుభ్రం చేయాలి. కొన్ని పాత తూటాల టోపీ మసి ఉప్పులా చెమ్మను పీల్చి తుప్పు పట్టిస్తుంది. దానికి నూనె ఒక్కటే చాలదు. లైసెన్సున్న మరమ్మతుదారు చేత ముందుగా వేడి నీటితో కడిగించి, ఆరబెట్టి, ఆపైన నూనె రాయించడం మేలు.

ఎన్నికల వేళ పోలీసు స్టేషన్‌లో అప్పగించిన రైఫిలును తిరిగి తెచ్చుకున్నాక అలాగే మంచె ఎక్కించరాదు. మరలు, గొట్టం చూపించి, అనుమతి ఉన్న ఫైరింగు రేంజిలో గుర్తు మీద సరిచూసుకున్నాకే పనికి దించాలి.

తుపాకీ మీద నమ్మకం పోయినచోట రైతు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. ఆ తీగకు పందికన్నా ముందు పక్క చేను రైతో, కట్టు తప్పిన ఎద్దో బలవుతున్న ఘటనలు రాష్ట్రంలో ఎన్నో. అనుమతి కాగితం ఇచ్చేటప్పుడే ఆ రైఫిలు గురిని పరీక్షించే ఏర్పాటు అటవీ, పోలీసు శాఖలు కలిసి చేస్తే రైతుకు పంటా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.