చేపలతొట్టి – కూరమడి

వేసవిలో చెరువులు ఎండిన పిమ్మట రైతులు అందలి పూడికమట్టిని పొలములకు తోలుకొందురు. ఆ మట్టి పడిన చేను ఏపుగా పెరుగునని తెలుగు రైతులు తరతరములుగా ఎరుగుదురు. చేపలు విసర్జించినది, పశువులు విడిచినది, ఆకులు అలములు కుళ్ళగా మిగిలినది అంతయు చెరువడుగున చేరి పైరునకు ఎరువగుచున్నది. చెరువును, చేనును ఒక గదిలో ఇమిడించి, ఏడాదికొకమారు జరుగు ఈ పని ప్రతిగంటకును జరుగునట్లు అమర్చినచో, ఆ అమరికకే ఆక్వాపోనిక్స్ అని పేరు.

నీటిలో చేపలను పెంచుటను ఆక్వాకల్చరు అందురు. మట్టి లేకయే, పోషకములు కలిపిన నీటితో మొక్కలను పెంచుటను హైడ్రోపోనిక్స్ అందురు. ఈ రెండు పేర్ల కలయికయే ఆక్వాపోనిక్స్. దీని మూలభావము ప్రాచీనమైనది. చైనాదేశమున చింగ్‌టియన్ ప్రాంతపు రైతులు వరిమడులలోనే చేపలను పెంచుదురు. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ 2005లో ఆ సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో ఒకటిగా ఎన్నుకొన్నది. నేటి శాస్త్రీయ పద్ధతికి రూపము దిద్దినవారిలో వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్స్ రకోసీ ముఖ్యుడు. ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్నతరహా ఆక్వాపోనిక్స్ గురించి ఒక వివరమైన గ్రంథమును ప్రకటించినది.

పూర్వపు కృష్ణాజిల్లాలో కొల్లేటి పరిసరములు చేపల చెరువులకు ప్రసిద్ధి. బొచ్చె, శీలావతి అచట విరివిగా పెరుగును. అదే జిల్లాలో భాగములై యుండి, 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల తీరు వేరు. ఇవి మెరక భూములు. పత్తి, మిరప ఇచటి ముఖ్యమైన పైరులు. పాలేరు, మునేరు ఈ సీమలో ప్రవహించుచున్నను వేసవిలో సన్నగిల్లును. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు చిట్టచివర చేరు భూములును ఇందు కలవు. ఇట్టిచోట ఒకే నీటిని మరల మరల వాడుకొను విద్య ఆదరణీయము. ఆక్వాపోనిక్స్‌లో నీరు తొట్టినుండి మడికి, మడినుండి తొట్టికి తిరుగుచుండును. ఆవిరియై పోయినంత, మొక్కలు పీల్చుకొన్నంత మాత్రమే క్రొత్తనీరు పోసిన చాలును.

ఇందు చేపయు, మొక్కయు కంటికి కనబడును. కాని ఈ రెంటిని కలుపు మూడవ ప్రాణి కంటికి కనబడదు. చేప విసర్జించు అమ్మోనియా చేపకే విషము. నీటిలో అది పేరుకొన్నచో చేప మరణించును. గులకరాళ్ళ నంటిపెట్టుకొని జీవించు ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ చేపకు హాని చేయునదియే. వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు వలన చేపకు అంతగా కీడు లేదు. మొక్కకు అది మంచి ఆహారము. మొక్క దానిని గ్రహింపగా నీరు శుభ్రపడి తొట్టికి చేరును. నేలలోను ఇదే మార్పు జరుగుచుండును. ఆ పని చేయు సూక్ష్మజీవులను వేరుచేసి, వాటి జీవనవిధానమును 1890 ప్రాంతమున లోకమునకు తెలిపినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. కావున ఆక్వాపోనిక్స్ చేయదలచినవాడు మొదట పెంచవలసినది చేపను కాదు, మొక్కను కాదు, ఈ సూక్ష్మజీవులను.

ఇంటిలో అమర్చుకొనుటకు నూరు లీటర్ల నీరు పట్టు తొట్టి యొకటి, ఏబది లీటర్ల కంకర పట్టు మడి యొకటి చాలును. మడికి ఇరువదియైదు సెంటీమీటర్ల లోతుండవలెను. నూరు లీటర్ల నీటి బరువు నూరు కిలోలు. తడిసిన కంకరతో మడియు సుమారు అంత బరువే తూగును. బల్లపై ఇంత బరువు నిలుపుట ప్రమాదము. ఇటుకలతో కట్టిన గట్టి దిమ్మెపై, తొట్టికన్న ఎత్తుగా మడిని నిలుపవలెను. తొట్టిలోని చిన్న పంపు నీటిని మడికి ఎక్కించును. మడి నడుమ ఒక గొట్టమును నిలువుగా నిలుపవలెను. దాని పైకొన కంకర మట్టమునకు రెండంగుళములు దిగువగా నుండవలెను. నీరు ఆ ఎత్తు దాటగానే గొట్టముగుండ తొట్టిలోనికి దిగును. గొట్టపు అడుగున ఒక సన్నని రంధ్రము చేసినచో, పంపు ఆగిన పిమ్మట మడిలోని నీరంతయు మెల్లగా జారిపోవును. గంటకు పావుగంట పంపు నడచి, ముప్పావుగంట ఆగునట్లు కాలము తప్పని స్విచ్చి నమర్చవలెను. మడి నిండినపుడు వేళ్ళకు నీరును, ఎండినపుడు గాలియు అందును. కంకర రాళ్ళ నడుమనున్న ఖాళీ సుమారు ఇరువది లీటర్లే కనుక, మడి నిండినపుడు కూడ తొట్టిలో ఎనుబది లీటర్ల నీరు మిగిలియుండును. గంటకు మూడు నాలుగువందల లీటర్ల నీటి నెత్తగల పంపు దీనికి తగినది. చేపలకు ఎల్లవేళల ప్రాణవాయువు అందుటకు వేరుగా ఒక గాలిపంపు అవసరము.

కంకర నెన్నుకొనుటలో జగ్గయ్యపేటవారు మరింత జాగరూకులై యుండవలెను. ఆ పరిసరములు సున్నపురాతికి నెలవులు. అచటి సిమెంటు కర్మాగారములకు ఆధారము ఆ రాయియే. రెండువేల యేండ్ల నాడు జగ్గయ్యపేట బౌద్ధస్తూపమున నిలిపిన శిల్పఫలకములును సున్నపురాతివే. వానిలో ప్రసిద్ధమైన చక్రవర్తి ఫలకమును నేడు చెన్నై ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో చూడవచ్చును. శిల్పమునకు తగిన ఈ రాయి మడికి తగదు. అది నీటిలో కొంచెము కొంచెముగా కరగి నీటి క్షారగుణమును పెంచును. అట్టి నీటిలో మొక్కకు ఇనుము అందక లేతయాకులు పసుపువన్నె కెక్కును. అమ్మోనియా విషము కూడ తీవ్రమగును. రాతిని పరీక్షించు ఉపాయము సులభమైనది. దానిపై వెనిగరు గాని నిమ్మరసము గాని కొన్ని చుక్కలు వేయవలెను. బుసబుస పొంగినచో అది సున్నపురాయి. పొంగని నల్లరాతి చిన్నకంకరను ఎన్నుకొని, మురికి నీరు రానంతవరకు కడిగి మడిలో పోయవలెను. కుళాయినీరు వాడువారు దానిని ఒకటి రెండు దినములు మూత లేకుండ నిలువయుంచవలెను. అందలి క్లోరిన్ చేపకును, సూక్ష్మజీవికిని కూడ శత్రువు.

అమరిక పూర్తియై నీరు తిరుగుచుండగానే చేపలను తెచ్చి విడుచుట ప్రారంభకులు సాధారణముగా చేయు పొరపాటు. అప్పటికి కంకరలో సూక్ష్మజీవులు లేవు. అమ్మోనియాను మార్చువారెవరు? కొలది దినములలోనే చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచి, ఒకటి వెనుక నొకటి మరణించును. అందుచేత మొదట చేపలు లేకయే దినమునకొక చిటికెడు చేపమేతను తొట్టిలో వేయుచుండవలెను. అది కుళ్ళి అమ్మోనియా పుట్టును. దానిని తిను సూక్ష్మజీవులు క్రమముగా వృద్ధిపొందును. ఆరోగ్యముగా నడచుచున్న అక్వేరియము నుండి పిడికెడు గులకరాళ్ళను తెచ్చి మడిలో వేసినచో ఈ పని త్వరపడును. సాధారణముగా దీనికి నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అక్వేరియము దుకాణములలో దొరకు పరీక్షాద్రవములతో వారమునకు రెండుమార్లు నీటిని పరీక్షింపవలెను. మొదట అమ్మోనియా పెరుగును. పిదప నైట్రైటు పెరుగును. చివరకు ఆ రెండును సున్నకు దిగి నైట్రేటు కనబడును. చేపలను విడువవలసినది ఆ దినముననే. ఈ ఆరు వారములు తొట్టిలో ఏమియు జరుగుచున్నట్లు తోపదు. కాని ముఖ్యమైన పని అంతయు అప్పుడే జరుగుచున్నది.

నూరు లీటర్ల తొట్టికి మొదట వేలెడు పొడవు గల బంగారుచేపలు ఆరు చాలును. గప్పీలైనచో ఇరువది విడువవచ్చును. బొచ్చె, శీలావతి కిలోలకొలది పెరుగు చేపలు; వానికి చెరువే తగిన చోటు. మేతకు ఒక లెక్క కలదు. ఆకుకూరల మడి ఒక చదరపు మీటరునకు దినమునకు నలుబది మొదలు ఏబది గ్రాముల మేత ఆధారమని ఆహార వ్యవసాయ సంస్థ గ్రంథము తెలుపుచున్నది. పైన చెప్పిన మడి వైశాల్యము చదరపు మీటరులో ఐదవ వంతు. కావున మడియంతయు నిండుగా పెరుగవలెనన్నచో ఎనిమిది మొదలు పది గ్రాముల మేత కావలెను. ఆరు చిన్నచేపలు అంత తినజాలవు. అందువలన మొదట నాలుగైదు మొక్కలతోనే తృప్తిపడి, చేపలు పెరిగినకొలది మొక్కలను పెంచుకొనవలెను. ఐదు నిమిషములలో చేపలు తినివేయునంత మేతయే వేయవలెను. మిగిలిన మేత కుళ్ళి విషమగును.

పుదీనా, పాలకూర, తోటకూర, బచ్చలి ప్రారంభకులకు అనుకూలములు. పుదీనా కొమ్మ నీటిలోనే వేరు తొడుగును. తక్కినవాని నారును వేళ్ళకంటిన మట్టి పోవునట్లు కడిగి నాటవలెను. గదిలో వెలుతురు చాలనిచో మొక్కలు సన్నగా సాగి వాలిపోవును. దినమునకు ఐదారు గంటల ఎండ తగులు కిటికీచెంత మడి నుంచవలెను. అట్టి చోటు లేనిచో తెల్లని ఎల్.ఇ.డి. దీపములను పండ్రెండు గంటలు వెలిగింపవలెను. ఐనను తొట్టిలోనికి ఎండ పడరాదు. పడినచో నీరు పాచిపట్టును.

వేసవి ఈ సీమలో తీక్ష్ణమైనది. ఇరువది డిగ్రీల వేడిమి గల నీటిలో లీటరునకు సుమారు తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. ముప్పదియైదు డిగ్రీలలో ఏడు మిల్లీగ్రాములే కరగును. అట్టి వేళ విద్యుత్తు పోయి పంపులు ఆగినచో చేపలకు ప్రాణాపాయము. బ్యాటరీతో నడచు గాలిపంపు లేనివారు చెంబుతో నీటిని ముంచి, జానెడెత్తు నుండి మరల తొట్టిలోనికే పోయుచుండవలెను. మొక్కలపై పురుగుమందు చల్లరాదు. సబ్బుచేతిని నీటిలో ముంచరాదు. తడిచేతితో స్విచ్చిని తాకరాదు. తొట్టినుండి వచ్చు తీగ ప్లగ్గుకన్న దిగువకు వ్రేలాడునట్లుంచినచో, తీగవెంట జారు నీటిచుక్క ప్లగ్గును చేరదు. కోసిన కూరను మంచినీటిలో బాగుగ కడిగి వండుకొనవలెను. పెంపకము విసువైనచో చేపలను మునేటిలోనో ఊరిచెరువులోనో విడువరాదు. అక్వేరియముల నుండి వెలువడిన సక్కర్ చేప తెలుగునాట చెరువులలో వ్యాపించి జాలరుల వలలను చించుచున్నది.

ఇంత శ్రమపడి పెంచిన కూర నెలకు కొన్ని కట్టలకు మించదు. సంతలో ఆ కూర కొన్నచో చౌకయే. పంపునకు విద్యుత్తు, చేపకు మేత కూడ ఖర్చే. కావున దీనిని లాభమునకై కాక విద్యకై చేయవలెను. ఒకరి వ్యర్థము వేరొకరికి ఆహారమగు తీరు పుస్తకమున చదివినపుడు ఒక వాక్యముగా తోచును. తొట్టిచెంత ఆరు వారములు వేచి, పరీక్షాద్రవపు రంగు మారుట చూచినవాడు మాత్రము దానిని మరువడు. పొలమున మట్టిని, ఊరిలో చెరువును చూచునపుడు, అందలి కంటికి కనబడని జీవులు కూడ అతని తలపునకు వచ్చును.