సంకర సజ్జ: తల్లిదండ్రుల యెంపిక

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలకు సజ్జ క్రొత్త పంట కాదు. కొద్దిపాటి వానలతో గింజనిచ్చు దాని గుణమును పెద్దలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. అంగడిలో కొనిన సంకర విత్తనము విత్తిన పైరు ఏపుగా పెరుగును. దాని గింజనే మఱుసటి యేడు విత్తినచో పైరు చిన్నవోవును. ఇది యేల?

సజ్జకంకిలో ఆడుభాగము ముందు వెలువడును. పుప్పొడి కొన్ని దినములకు గాని రాదు. కావున గాలి తెచ్చిన పరాయి పుప్పొడియే తఱచుగా దాని నంటును. అట్టి మొక్కకు కాగితపు సంచి తొడిగి, తన పుప్పొడితోనే తరతరములు గింజ కట్టించినచో అది క్షీణించును, కంకి పొట్టిదగును. సేద్యగాడు చూచిన పారవేయదగినదే! కాని లోపలి దోషము లప్పుడే బయటపడును. దోషము గలవానిని ఏఱివేసి, మిగిలిన శుద్ధవంశములలో తగిన రెండింటిని కలిపినచో సంతానము తల్లిని, తండ్రిని గూడ మించును. దీనినే సంకరతేజ మందురు.

అన్ని జంటలకు నిది కలుగదు. చూపునకు సొంపైన కంకి మంచి తండ్రి యగునని నమ్మరాదు. ఒక్కొక్క వంశమును పలువంశములతో కలిపి, సంతానమును పలుతావుల పండించి, ఆ ఫలితమును బట్టియే తల్లిదండ్రులను నిర్ణయింతురు. మనుమలను చూచిన పిదప వియ్యమందుట వంటిదన్నమాట.

1965లో పంజాబునందలి లూధియానాలో హెచ్.బి.1 అను సంకర సజ్జ వెలువడినది. దాని తల్లి అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ సిద్ధపఱచిన టిఫ్ట్ 23ఎ. దానికి సొంత పుప్పొడి లేదు. ప్రక్కసాళ్లలోని తండ్రి పుప్పొడినే గ్రహించును. అందుచే సంకర విత్తనమును ఎకరముల కొలది పండించుట సాధ్యమైనది. 1970-71లో దేశమందలి సజ్జపంట 80 లక్షల టన్నులకు చేరినది. అయితే పిమ్మట వచ్చిన హెచ్.బి.3 మొదలగువానికిని తల్లి యదియే. వెఱ్ఱికంకి తెగులు ఆ తల్లిని లొంగదీసిన తోడనే బిడ్డలన్నియు లొంగినవి. 1974-75లో పంట 33 లక్షల టన్నులకు దిగినది. ఆ యేటి అనావృష్టియు అందుకు తోడైనమాట నిజమే. పిమ్మట తెగులుమళ్లలో నాటి, నిలిచినవానినే తల్లిదండ్రులుగా ఏఱుటకు ప్రాముఖ్యము హెచ్చినది.

ఇక మొదటి ప్రశ్న. సంకర పైరు గింజ విత్తినచో తాతల గుణములు ఒక్కొక్క మొక్కలో ఒక్కొక్క రీతిగా చెదరును. తేజములో ఇంచుమించు సగము పోవును. కొన్ని కంకులకు పుప్పొడియే యుండదు. కావున సంకర విత్తనమును ఏటేట కొనవలసినదే.

కొనలేని సంసారికి సూటిరకము మేలు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ, ఆఫ్రికాలోని టోగో దేశపు సజ్జనుండి ఏర్చిన ఐ.సి.టి.పి. 8203 అట్టిది, 1988లో విడుదలయైనది. ఇట్టి రకముల విత్తనము ఇంట దాచుకొనవచ్చును. కాని కళ్లములో పెద్దకంకులను ఏఱుట చాలదు. దిబ్బయెరువు పడినచోట ఏ కంకియైనను పెద్దదగును గదా! చేను నిలిచియుండగనే, గట్లవెంటి సాళ్లు విడిచి, చేనిని గళ్లుగా భావించి, ప్రతి గడిలోను ఇరుగుపొరుగు మొక్కలను మించి, తెగులు లేనివానిని గుర్తుపెట్టవలెను. నాలుగైదు కంకులు చాలవు, కొన్ని వందలుండవలెను. లేనిచో చుట్టఱికము దగ్గఱయై పైరు మరల క్షీణించును. పొరుగుచేనిలో వేఱు సజ్జ అదే సమయమున పూచినచో, ఆ యేటి విత్తనమును నడిచేని నుండియే తీసికొనవలెను.